సీఎంటీ కిట్: పొదుగువాపుకి సూది వేయించే ముందు

పాడిలో యాంటీబయాటిక్ ఎక్కువగా ఖర్చయ్యేది పొదుగువాపుకే. అందులో అనవసరపు సూదులు తగ్గించగల చవక సాధనం సీఎంటీ (కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్) కిట్, పాలను బట్టి ఏ చన్నుకు వాపుందో చూపేది. వచ్చేవి రెండే: నాలుగు గుంటల ప్లాస్టిక్ పళ్లెం, ఊదారంగు ద్రావణం సీసా.

మొదటి రెండు మూడు ధారలు పక్కన పారబోసి, ఒక్కో చన్ను పాలు ఒక్కో గుంటలోకి పితకాలి. పళ్లెం పిడి ప్రతిసారీ ఒకే వైపు ఉండాలి, లేకపోతే ఏ గుంట ఏ చన్నుదో కలగాపులగమే. పళ్లెం వంచి ఎక్కువైన పాలు వదిలేస్తే గుంటకు సుమారు 2 మిల్లీలీటర్లు మిగులుతాయి. అంతే ద్రావణం పోసి మెల్లగా గుండ్రంగా తిప్పాలి. సీసా గట్టిగా నొక్కితే నురగ లేచి ఏమీ తెలియదు. 10 సెకన్లలో చూసెయ్యాలి, ఆలస్యమైతే పల్చటి జిగురు విడిపోతుంది. జిగురు దేనిదంటే, వాపున్న చన్ను పాలలో తెల్లకణాలు ఎక్కువ, ద్రావణం వాటిని పగలగొడితే బయటపడే డీఎన్ఏ సాగుతుంది. జెల్లీలా ముద్దకట్టి గుంట నడుమ లేచి నిలబడితే వాపు ముదిరినట్టే.

ఈనిన తొలి నాలుగైదు రోజుల్లో, వట్టిపోయే ముందు నాలుగు గుంటలూ చిక్కబడొచ్చు. అది రోగమని కంగారుపడక్కర్లేదు. మూడు పల్చగా ఉండి ఒకటే చిక్కబడితే అనుమానించాలి.

కిట్ చెప్పనిది, ఏ సూక్ష్మజీవి అన్నది. ఇక్కడే దెబ్బ తింటున్నాం. మనుషుల ఆసుపత్రుల్లో పెద్ద జబ్బులకు వాడే యాంటీబయాటిక్ సెఫ్ట్రియాక్సోన్ గేదెకి మొదటి సూదిగా పడిపోతోంది, పాలలో గడ్డలు తగ్గాయని మర్నాడే ఆపేస్తున్నారు. చావని సూక్ష్మజీవులు ఆ మందుకు మొండికేస్తాయి. పాలు మామూలుగా ఉండి జిగురు మాత్రమే కనిపిస్తే వెంటనే మందు అక్కర్లేదు: పూర్తిగా పితికి, వారానికి మళ్లీ చూడాలి. జ్వరం, గట్టిపడిన పొదుగు ఉంటే పశువైద్యుణ్ణి పిలవాలి. ఏ సూదీ పడకముందే చనుమొనను స్పిరిట్‌తో తుడిచి, శుభ్రమైన సీసాలో పాలు తీసి, ఐసుపెట్టెలో ల్యాబ్‌కు పంపాలి. మందు పడ్డాక తీసిన నమూనాలో సూక్ష్మజీవి దొరక్కపోవచ్చు.

మందు సీసాపై పాల విరామం (మందు వాడాక పాలు పోయకూడని రోజులు) రాసి లేకపోతే, నిబంధన ప్రకారం ఆఖరి డోసు తర్వాత కనీసం 7 రోజులు పాలు కేంద్రానికి పోయకూడదు. మందు ట్యూబు ఒక్క చన్నులోకే ఎక్కించినా నాలుగింటి పాలూ ఆపాల్సిందే. కాచినంత మాత్రాన మందు పోదు. ఆ పాలు దూడకు తాగిస్తే మొండి సూక్ష్మజీవులు దాని పేగుల్లోనే పెరుగుతాయి.