ట్రాక్షన్ కంట్రోల్‌తో ఘాట్ రోడ్డు మీద ఏళ్ల వాడకం: బండి పట్టు తప్పితే ఎక్కడ వెతకాలి

కారు కొనేటప్పుడు సన్‌రూఫ్ ఉందా, స్క్రీన్ ఎంత పెద్దది అని అడిగేవాళ్లే ఎక్కువ. తిరుపతిలో ఉంటూ తరచూ కొండకు వెళ్లొచ్చే మాలాంటివాళ్లు మొదట అడగాల్సింది ట్రాక్షన్ కంట్రోల్ గురించి, అంటే చక్రం పట్టు తప్పి ఉత్తినే తిరగకుండా ఆపే ఏర్పాటు గురించి. నాది ముందు చక్రాలు లాగే చిన్న డీజిల్ ఎస్‌యూవీ. ఓడోమీటర్ లక్ష దాటింది. ఇన్నేళ్లలో నాకు బాగా నచ్చిందీ, బాగా విసిగించిందీ ఈ ఒక్క ఫీచరే.

ముందు నచ్చిన సంగతి. కొండ ఎక్కేది 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డులో, దిగేది 1944 నాటి పాత రోడ్డులో. రెండింట్లోనూ మలుపులకు కొదవ లేదు. చాన్నాళ్ల ఎండ తర్వాత పడే తొలి జల్లుకే రోడ్డు బాగా జారుతుంది. అప్పటిదాకా పేరుకున్న దుమ్ము, ఆయిలు నీళ్లతో కలిసి పైకి తేలతాయి. అలాంటప్పుడు మలుపులో యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కితే లోపలివైపు ముందు చక్రం ఉత్తినే తిరగబోతుంది. మీటర్‌లో జారుతున్న కారు బొమ్మ టపటపా మెరుస్తుంది, ఆ చక్రానికి బ్రేకు పడుతుంది, ఇంజిన్ జోరు తగ్గుతుంది, బండి గీత దాటకుండా తిరుగుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. వానాకాలంలో ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని వెళ్లేటప్పుడు ఆ ధీమా వేరు.

విసిగించింది ఎండరోడ్డు మీద. అలిపిరి దాటి ఎక్కుతుంటే, చినుకు లేదు, మట్టి లేదు, అదే లైటు మెరిసి పికప్ ఒక్కసారిగా పడిపోయేది. వెనక బస్సు, ముందు మలుపు. టెన్షన్ మామూలుగా ఉండదు. కాసేపటికి దానంతటదే సర్దుకునేది. ఒక మెకానిక్ క్లచ్ ప్లేటు అన్నాడు, ఇంకొకాయన డీజిల్ ఫిల్టర్ అన్నాడు. రెండూ కావని మీటర్ చూస్తేనే తెలుస్తుంది. క్లచ్ జారితే ఇంజిన్ మోత పెరుగుతుంది, ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) పైకి లేస్తుంది, స్పీడు మాత్రం పెరగదు. ఫిల్టర్ మూసుకుపోతే బండి లాగదు కానీ ట్రాక్షన్ లైటు మెరవదు. లైటు మెరుస్తూ ఆర్‌పీఎం కిందికి పడుతోందంటే, పవర్ కోస్తున్నది కంట్రోల్ సిస్టమే. చక్రం నిజంగా జారుతోందా, జారుతోందని సిస్టమ్ పొరబడుతోందా అన్నదే అసలు ప్రశ్న.

అందుకే టైర్ల నుంచి మొదలుపెట్టాలి. ఖర్చు లేని పని. ట్రెడ్ (టైరు మీది గాడుల) లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి, వానరోడ్డుకు ఇంకా ఎక్కువ ఉంటేనే మంచిది. టైరు పక్కన నాలుగంకెలు చూడండి: 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. అరుగుదల కనిపించకపోయినా పాతబడిన రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. ఒక చక్రానికి కొత్తది, పక్కదానికి బాగా అరిగినది వేసినా తిరిగే వేగాల్లో తేడా వస్తుంది. నా టైర్లు, గాలి అన్నీ సరిగానే ఉన్నాయి.

ఇక స్కానర్. బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివేందుకు చవగ్గా దొరికే బ్లూటూత్ ఓబీడీ పరికరాల్లో చాలావరకు ఇంజిన్ లోపాల కోడ్‌లే చదువుతాయి. ఏబీఎస్ మాడ్యూల్‌లోకి, అంటే బ్రేకులనూ చక్రాల వేగాలనూ చూసుకునే కంప్యూటర్‌లోకి, వెళ్లే స్కానర్ కావాలి. రేణిగుంట రోడ్డు వైపు ఎలక్ట్రికల్ పని చేసే కుర్రాడి దగ్గర అది ఉంది. ఖాళీ రోడ్డు మీద తిన్నగా, నెమ్మదిగా పోనిస్తూ నాలుగు చక్రాల వేగాలూ ఒకే స్క్రీన్ మీద పెట్టాడు. మూడు చక్రాలూ గంటకు 20 కిలోమీటర్ల దగ్గర కుదురుగా ఉన్నాయి. ముందు ఎడమది మాత్రం ఉన్నట్టుండి పైకి ఎగిరి మళ్లీ కిందికి వస్తోంది. "అన్నా, ఇటువైపు బేరింగ్ ఎప్పుడైనా మార్చారా?" అని అడిగాడు. మార్చాం, కొంతకాలం కింద, వేరే చోట.

దొంగ దొరికింది అక్కడే. ఇప్పటి చాలా కార్లలో వీల్ బేరింగ్‌కు ఒకవైపు సీల్ మీద సన్నని అయస్కాంతపు రింగు ఉంటుంది. చక్రం వేగాన్ని సెన్సర్ దాని నుంచే చదువుతుంది. సెన్సర్ పూర్తిగా చచ్చిపోతే లైటు మెరవదు, ఆరకుండా వెలుగుతుంది, సిస్టమ్ తప్పుకుంటుంది. ప్రాణం పోయీ పోనట్టున్న సిగ్నలే ఎక్కువ ప్రమాదం, దాన్ని చూసి చక్రం జారుతోందని సిస్టమ్ పొరబడుతుంది. బేరింగ్ ఊడదీసి తుడిస్తే రింగు అంచు ఒకచోట నలిగి, పెచ్చు లేచి ఉంది. సుత్తితో కొట్టి ఎక్కించినప్పుడు అయ్యే దెబ్బ అదేనని చూపించాడు.

కొత్తది చెన్నై నుంచి తెప్పించాడు. చేతిలో పెడితే రెండు వైపులా ఒకేలా ఉంది. గుండుసూది దగ్గర పెడితే ఒకవైపే అతుక్కుంది. ఆ వైపు సెన్సర్‌కు ఎదురుగా రావాలి. తిరగేసి బిగిస్తే సెన్సర్‌కు ఏమీ కనిపించదు, పని మళ్లీ మొదటికొస్తుంది. ప్రెస్ (సమంగా నొక్కే యంత్రం) మీద పెట్టి నెమ్మదిగా ఎక్కించాడు, కోడ్ చెరిపాడు, మళ్లీ నాలుగు వేగాలూ చూపించాడు. అప్పటినుంచి ఎండరోడ్డు మీద ఆ లైటు మెరవలేదు. బేరింగ్ మార్పించేవాళ్లు ప్రెస్ ఉన్న షాపుకే వెళ్లండి, దగ్గర నిలబడి సూది పరీక్ష చేయించుకోండి.

సిస్టమ్‌కు ఒక విషయంలో మార్కులు తగ్గిస్తాను. ఏ చక్రం దగ్గర తేడా ఉందో లోపల దానికి తెలుసు, డ్రైవర్‌కు మాత్రం ఒక్క బొమ్మతో సరిపెడుతుంది. చక్రం పేరు చూపిస్తే ఎన్ని తిప్పలు తప్పేవి!

ఆఫ్ బటన్ గురించి కూడా చెప్పాలి. చిత్తూరు వైపు మామిడి తోటల్లో వాన పడ్డాక బండి బురదలో దిగబడితే, ట్రాక్షన్ కంట్రోల్ పవర్ కోసేసి కదలనివ్వదు. అప్పుడు బటన్ నొక్కి, సెకండ్ గేర్‌లో చక్రాన్ని కాస్త తిరగనిస్తే బయటపడుతుంది. తారురోడ్డు ఎక్కగానే మళ్లీ ఆన్ చేయాలి. నా బండిలో ఇంజిన్ ఆపి స్టార్ట్ చేస్తే దానంతటదే ఆన్ అవుతుంది.