స్క్రూ టైపు కంప్రెషన్ గేజ్: పాత మారుతి 800 హెడ్డు దించే ముందు కొనాల్సిన వస్తువు

పికప్ తగ్గి, ఐడిల్‌లో వణుకుతున్న పాత మారుతి 800ని విజయనగరంలో చిన్న షెడ్డుకి తీసుకెళ్తే తరచూ వినిపించే మాట: "బోరు పోనాది బాబూ, ఇంజిను దించేయాల." బోరు పోవడమంటే సిలిండర్ లోపలి గోడ అరిగిపోవడం. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద బొటనవేలు అదిమి, సెల్ఫ్ కొట్టించి చెప్పే తీర్పు అది. గాలి అసలు లేకపోతే వేలికి తెలుస్తుంది. గాలి ఒత్తిడిలో 100 పీఎస్‌ఐకీ 150కీ తేడా మాత్రం ఏ వేలికీ తెలీదు. ట్యాపెట్ సెట్టింగ్‌తో (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు సరిచేయడంతో) పోయే పనా, లేత్ షాపు దాకా వెళ్లే పనా అన్నది ఆ తేడాలోనే ఉంటుంది. ప్లగ్గు రంధ్రంలో మరతో బిగించి, సిలిండర్‌లో ఆ ఒత్తిడిని అంకెల్లో చూపించేదే స్క్రూ టైపు కంప్రెషన్ గేజ్.

ఆన్‌లైన్‌లో వెయ్యి, పదిహేను వందల రూపాయల్లో దొరికే పెట్రోల్ కంప్రెషన్ టెస్టర్ కిట్లు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. 0 నుంచి 300 పీఎస్‌ఐ దాకా డయల్, గాలి వదిలే బటన్, మరలున్న రబ్బరు గొట్టం, 10, 12, 18 మి.మీ. అడాప్టర్లు, ప్లాస్టిక్ డబ్బా. 800కీ, అదే ఇంజన్ ఉన్న పాత ఓమ్నికీ ప్లగ్గు మర 14 మి.మీ., పొడవు 19 మి.మీ. గొట్టం చివర 14 మర నేరుగా ఉంటే అడాప్టర్ గొడవే లేదు. రబ్బరు శంకువుని చేత్తో నొక్కి పట్టుకునే రకం మాత్రం కొనకండి. చెయ్యి కాస్త వదులైతే అంకె పడిపోతుంది, మూడు సిలిండర్లకీ ఒకే బలంతో నొక్కడం ఎవరివల్లా కాదు.

కొనేముందు చూడాల్సింది డయల్ కాదు, గొట్టం చివర. గాలిని లోపలికి తీసుకుని వెనక్కి పోనివ్వని చిన్న వాల్వు పిన్ను ప్లగ్గు రంధ్రంలోకి వెళ్లే కొసలోనే ఉండాలి. కొన్ని కిట్లలో అది గేజ్ దగ్గర ఉంటుంది. అలా ఉంటే గొట్టం లోపలి ఖాళీ కూడా సిలిండర్‌లో భాగం అయిపోతుంది. 800 ఇంజన్ 796 సీసీ, అంటే సిలిండర్‌కి 265. కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ కింద ఉన్నప్పటి చోటు, పైకి వచ్చాక మిగిలే చోటుకి ఎన్ని రెట్లో) 8.7 అనుకుంటే పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు 34, 35 సీసీ మాత్రమే. 30 సెం.మీ. పొడవు, 6 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న గొట్టంలో 8 సీసీ పైనే పడుతుంది. నిష్పత్తి 7కి కాస్త పైన ఆగిపోతుంది, బాగున్న ఇంజన్ కూడా అయిదో వంతు తక్కువ చూపిస్తుంది. పెద్ద ఇంజన్లలో ఈ తప్పు అంతగా కనబడదు కానీ మన చిన్న బళ్లకి ఇదే ముంచేది.

ఆ పిన్ను పాడైతే టైరు వాల్వు పిన్ను తెచ్చి బిగిస్తారు చాలామంది. సరిగ్గా పడుతుంది కూడా. కానీ టైరు పిన్ను స్ప్రింగు గట్టిది, అది తెరుచుకోవడానికే కొంత ఒత్తిడి పోతుంది. గేజ్ కోసం చేసిన మెత్తటి స్ప్రింగు పిన్నే వేయాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు డయల్ ముల్లు పైకి లేచి ప్రతి చప్పుడుకీ (పిస్టన్ గాలిని నొక్కే ప్రతిసారీ) కిందికి జారిపోతుంటే ఇంజన్‌ని అనుమానించకండి, పిన్నులో మట్టి ఇరుక్కుందన్నమాట.

వాడే పద్ధతి తెలియకపోతే ఎంత మంచి గేజ్ అయినా అబద్ధమే చెబుతుంది. ఇంజన్ మామూలు వేడికి వచ్చాక ఆపాలి. ప్లగ్గుల చుట్టూ దుమ్ము గాలితో ఊదేయాలి, లేకపోతే ఇసుక లోపల పడుతుంది. మూడు ప్లగ్గులూ తీసేయాలి. ఒక్కటే తీస్తే సెల్ఫ్ బరువెక్కి నెమ్మదిగా తిరుగుతుంది. ప్లగ్గులకి స్పార్కు పంపే కాయిల్ కనెక్షన్ తీసేయడం తప్పనిసరి, ప్లగ్గు రంధ్రాల్లోంచి పెట్రోలు ఆవిరి బయటికి చిమ్ముతుంటుంది. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లున్న) బండి అయితే పెట్రోలు పంపు ఫ్యూజు కూడా తీయాలి. గొట్టాన్ని చేత్తోనే బిగించండి, పానా పెడితే కొసనున్న రబ్బరు ఓ-రింగు నలిగిపోతుంది. ఇక ఒకరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి. కార్బురేటర్ బండిలో చోక్ తెరిచి ఉందో లేదో చూసుకోవాలి. త్రాటిల్ (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి మూత) మూసి ఉంచి కొలిచి "బోరు పోయింది" అన్న తీర్పులకి లెక్కలేదు. ఆరేడు చప్పుళ్లు వచ్చేదాకా సెల్ఫ్ కొట్టి, మొదటి చప్పుడుకి ముల్లు ఎక్కడికి వచ్చిందో, చివరికి ఎక్కడ ఆగిందో రెండూ రాసుకోవాలి. మూడింటికీ అన్నే చప్పుళ్లు. బ్యాటరీ నీరసంగా ఉంటే ఆ రోజు కొలవకండి.

ఈ వయసు పెట్రోలు ఇంజన్‌కి 140 నుంచి 180 మధ్య అంకె నిశ్చింత. 100 లోపు వస్తే జబ్బు ఉన్నట్టే. కానీ చవక గేజ్ చూపే అంకె కన్నా, మూడింటి మధ్య తేడాయే నమ్మదగింది. ఎక్కువ దానికీ తక్కువ దానికీ తేడా పది, పదిహేను శాతం దాటకూడదు. ఉదాహరణకి 165, 160, 105 వచ్చాయనుకోండి. మూడో సిలిండర్‌లో ఒక టీస్పూను, అంటే 5 మి.లీ. ఇంజనాయిలు పోసి, రెండు మూడు చుట్లు తిప్పి, మళ్లీ కొలవాలి. 140 దాటితే రింగులో బోరో అరిగినట్టు. ఆయిలు ఆ సందుని కాసేపు మూస్తుంది. 110 దగ్గరే ఆగితే లోపం వాల్వుల్లోనో, హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్‌లోనో ఉంది. చెంబుడు ఆయిలు పోస్తే ఖాళీ తగ్గిపోయి అంకె దానంతటదే పెరుగుతుంది, అది లెక్కలోకి రాదు. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోతే వాటి మధ్య గాస్కెట్ కాలినట్టు. సాలూరు ఘాట్‌లో రేడియేటర్ మరిగించిన బళ్లలో మొదట అనుమానించాల్సింది దీన్నే. మూడూ సమానంగా 110 దగ్గర ఉంటే బోరు మాట పక్కన పెట్టి టైమింగ్ బెల్టు గుర్తులు చూడండి; బెల్టు ఒక పన్ను జరిగితే అలాగే వస్తుంది.

గ్యాస్ కిట్ మీద ఏళ్లు తిరిగిన బండి సంగతి వేరు. ఎగ్జాస్ట్ వాల్వు సీటు అరిగి వాల్వు లోపలికి దిగుతుంది, దాని కాడ పైకి లేచి రాకర్‌కి తగులుతుంది. ట్యాపెట్ సందు పోయాక వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆయిలు పరీక్షకి అంకె కదలదు కాబట్టి మెకానిక్కు హెడ్డు దించమంటాడు. ముందు ఇంజన్ చల్లారాక ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకులు) పెట్టి సందు సుమారు 0.15 మి.మీ.కి సరిచేసి మళ్లీ కొలవండి. వాల్వు అంచు కాలకపోతే అంకె వెనక్కి వస్తుంది. కళింగపట్నం వైపు ఉప్పుగాలిలో నెలల తరబడి కదలకుండా ఉన్న బండినీ వెంటనే తీర్పు చెప్పకూడదు. వాల్వు సీటు మీద తుప్పు, అతుక్కున్న రింగులు కొంత నడిపితే సర్దుకోవచ్చు. నడిపాక కొలవండి.

చాలా కిట్ల గొట్టం గాలి కంప్రెసర్ కప్లింగ్‌కి పడుతుంది. ఈ అదనపు ప్రయోజనం డబ్బా మీద ఎక్కడా రాసి ఉండదు. కొసలో పిన్ను తీసేసి, జబ్బు సిలిండర్ పిస్టన్‌ని కంప్రెషన్‌లో పైకి తెచ్చి, రెండు ట్యాపెట్లూ వదులుగా ఉన్నాయని చూసి, టాప్ గేరులో హ్యాండ్‌బ్రేకు వేసి గాలి వదలండి. క్రాంక్ బోల్టు మీద పానా వదిలేయకండి, ఇంజన్ గిర్రున తిరిగితే చెయ్యి విరుగుతుంది. కార్బురేటర్‌లో బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్, ఆయిలు మూతలో గట్టిగా వస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే గాస్కెట్.

లోపాలు లేకపోలేదు. అడాప్టర్ వాడినప్పుడు గొట్టం విప్పితే అది హెడ్డులోనే ఉండిపోతుంది. పెట్టేముందు గొట్టానికి పానాతో బిగించి, హెడ్డుకి మాత్రం చేత్తో బిగించాలి. ఓ-రింగులు త్వరగా గట్టిపడతాయి. డయల్ ఖచ్చితత్వానికి హామీ లేదు కనక, వచ్చిన రోజే బాగున్న బండి ఒకటి కొలిచి ఆ అంకె డబ్బా మూత మీద రాసుకుంటే మంచిది. బొలేరో, పాత జీపు లాంటి డీజిల్ ఇంజన్లకి దీన్ని అసలు పెట్టకండి. అక్కడ ఒత్తిడి 400 పీఎస్‌ఐ కూడా దాటుతుంది, 300 డయల్ ఒక్క చప్పుడుకే పోతుంది. వాటికి 1000 పీఎస్‌ఐ డయల్‌తో విడిగా డీజిల్ కిట్ దొరుకుతుంది.

అయిదుకి నాలుగు ఇవ్వొచ్చు. ఆర్డరు పెట్టేటప్పుడే నాలుగు ఓ-రింగులు, రెండు మెత్తటి పిన్నులు కలిపి తెప్పించుకోండి. పార్సిల్ రాగానే గొట్టం కొసలోకి తొంగి చూడండి. పిన్ను అక్కడ లేకపోతే వాపసు పంపేయండి.