కాలింగ్ ఆప్‌లు బ్యాటరీని తింటాయా? చాలాకాలం వాడాక నా మాట

నా ఫోన్‌లో వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ మూడూ ఉన్నాయి. ఆఫీసు నంబరు కోసం ఒక సిప్ ఆప్ (ఇంటర్నెట్ మీద ఫోన్ నంబరు నడిపేది) కూడా ఉంది. కాలింగ్ ఆప్‌లు ఎన్ని ఉన్నా ఫర్వాలేదు, సర్వర్‌తో సొంతంగా లైను పట్టుకుని కూర్చునేది ఒక్కటుంటే చాలు, సాయంత్రానికి చార్జర్ వెతుక్కోవాల్సిందే. నా దగ్గర ఆ పని చేసింది సిప్ ఆప్. ఒక్క కాల్ కూడా రాని రోజున సైతం బ్యాటరీ వాడకం జాబితాలో పైన కనిపించేది అదే.

మెసెంజర్లు మామూలుగా నిద్రలోనే ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో అన్ని ఆప్‌ల తరఫునా గూగుల్ పుష్ సర్వీసు ఒకే కనెక్షన్ నడుపుతుంది, కాల్ వచ్చినప్పుడు ఆ ఆప్‌ను అదే తట్టి లేపుతుంది. ఐఫోన్‌లో యాపిల్ పుష్‌దీ ఇదే పని. 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ అనే బ్యాటరీ పొదుపు ఏర్పాటు వచ్చాక, కదలకుండా పడి ఉన్న ఫోన్‌లో ఆప్‌లు ఇష్టమొచ్చినట్టు లేవడం కూడా తగ్గింది. (గూగుల్ సర్వీసులు లేని ఫోన్‌లో సిగ్నల్ తన కనెక్షన్ తానే నడుపుకోవాలి, అక్కడ లెక్క వేరు.)

పుష్ లేని సిప్ ఆప్‌కు ఈ సుఖం లేదు. కాసేపు ఉలుకూ పలుకూ లేకపోతే మధ్యలోని రౌటరు సర్వర్ నుంచి ఆప్‌కు వచ్చే దారిని మర్చిపోతుంది. అందుకని ఆప్ కొన్ని సెకన్లకోసారి ‘నేనున్నాను’ అంటూ చిన్న ప్యాకెట్ పంపుతూనే ఉండాలి. ప్యాకెట్ చిన్నదే, కానీ మొబైల్ డేటాలో అది వెళ్లిపోయాక కూడా ఫోన్‌లో టవర్‌తో మాట్లాడే రేడియో వెంటనే పడుకోదు, ఇంకొన్ని సెకన్లు మేల్కొనే ఉంటుంది. అది పడుకునేలోపో, పడుకున్న కాసేపటికో మళ్లీ ఇంకో ప్యాకెట్. టవర్ సిగ్నల్ సరిగా అందని చోట ఇది మరీ దారుణం. వైఫైలో మాత్రం ఈ బాధ చాలా తక్కువ.

సిప్ ఆప్ సెట్టింగుల్లో ప్యాకెట్లు పంపే పద్ధతిని యూడీపీ నుంచి, రౌటర్లు దారిని ఎక్కువసేపు గుర్తుంచుకునే టీసీపీకి మార్చి, ఆ ప్యాకెట్ల మధ్య గడువు పెంచాక తేడా స్పష్టంగా తెలిసింది. తర్వాత సర్వీసు వాళ్లు పుష్ ఇచ్చారు. అది ఆన్ చేశాక ఆప్ జాబితాలో అట్టడుగుకు పోయింది. ఆప్ నిద్ర లేచి సర్వర్‌లో రిజిస్టర్ అవ్వాలి కాబట్టి కాల్ మోగడం ఒక్కోసారి కాస్త ఆలస్యమవుతోంది, అంతే.

రీసెంట్స్‌లోంచి ఆప్‌లను తోసేయడం వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. ఫోర్స్ స్టాప్ చేస్తే ఆప్‌ను మళ్లీ తెరిచేదాకా కాల్సే రావు. వెనక నడిచే ఆప్‌లను మూసేసే టాస్క్ కిల్లర్ల గురించి మాట్లాడటమే దండగ.

జాబితాలో మెసెంజర్ పైకొస్తే అందులో బ్యాక్‌గ్రౌండ్ సమయం ఎంతో విడిగా చూడండి. నా ఫోన్‌లో చాలాసార్లు అది రాత్రిపూట వీడియోలతో సహా జరిగే బ్యాకప్, లేదంటే పగలు మాట్లాడిన వీడియో కాల్. స్క్రీను, కెమెరా, ఎన్‌కోడింగ్, రేడియో అన్నీ ఒకేసారి నడిచే వీడియో కాల్ ముందు మెసెంజర్ల బ్యాక్‌గ్రౌండ్ ఖర్చు ఏపాటిది!

పుష్ లేని సిప్ ఆప్‌ను మాత్రం రోజూ జేబులో తిరిగే ఫోన్‌లో ఇక వేయను.