సేవా కార్యక్రమం ఎంత ఫలించిందో తేల్చే మూల్యాంకనం బయటి సంస్థతోనా, బస్తీవాసులతో కలిసి సొంతంగానా?

ఖర్చు: బయటి సంస్థకు రుసుము చెల్లించాలి. సొంతంగా చేస్తే డబ్బు తక్కువ, కార్యకర్తల సమయం ఎక్కువ.

నమ్మకం: దాతలు బయటి నివేదికకే విలువిస్తారు. మన కార్యకర్తలే అడిగితే లబ్ధిదారులు మొహమాటంతో అంతా బాగుందంటారు, ఇది చిన్న ముప్పు కాదు.

స్థానిక జ్ఞానం: ఇక్కడ నా మొగ్గు బస్తీవైపే. విశాఖ జాలరిపేటలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేటకు నిషేధం. ఆ 61 రోజుల ఆదాయాన్ని ఏడాది సగటుగా రాసుకుంటే లెక్కంతా తప్పుతుంది. ఆ సంగతి ప్రశ్నావళి రాసేటప్పుడే చెప్పగలిగేది అక్కడివారే.

కంపెనీ సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) కింద ఖర్చు పెట్టాల్సిన మొత్తం గత మూడేళ్ల సగటున 10 కోట్ల రూపాయలు, ఆపైన ఉంటే, కోటి రూపాయలకు తగ్గని ప్రాజెక్టులకు స్వతంత్ర సంస్థ అంచనా తప్పనిసరి. చిన్న కార్యక్రమాన్ని నడుస్తుండగానే సరిదిద్దుకోవాలంటే సొంత మూల్యాంకనమే మేలు.