లెవిట్‌టౌన్, లేక్‌వుడ్: పొలాల్లో లేచిన ఈ రెండు ఊళ్లలో ఏది మేలు?

మన దగ్గర ఊరి చివర పొలంలో సరిహద్దు రాళ్లు పాతారంటే ఇక గజాల లెక్కలే. అమెరికాలో ఈ వెంచర్ల వ్యవహారం రెండు చోట్ల ఊహకందనంత పెద్దగా జరిగింది. ఒకటి న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో లెవిట్‌టౌన్, రెండోది లాస్ ఏంజెలెస్ పక్కన లేక్‌వుడ్. మొదటిదాంట్లో 17,447 ఇళ్లు, రెండోదాంట్లో దాదాపు 17,500. వయసులోనూ మూడేళ్లే తేడా.

లెవిట్‌టౌన్ నేలలో ఆలుగడ్డ పండేది. నులిపురుగు పట్టి రైతులు విసిగిపోయి ఉన్న సమయంలోనే రెండో ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు ఇంటిముఖం పట్టారు. ఉండటానికి ఇళ్లు లేవు. లెవిట్ కంపెనీ 1947లో మొదలుపెట్టి 1951కల్లా పని ముగించింది. మొదట్లో నెలకు 60 డాలర్ల అద్దె, 1949 నుంచి 7,990 డాలర్లకు అమ్మకం. లేక్‌వుడ్‌లో బీట్‌రూట్ జాతి చక్కెర దుంప, చిక్కుడు వేసిన 3,500 ఎకరాలను ముగ్గురు బిల్డర్లు 88 లక్షల డాలర్లకు కొని, 1950 నుంచి మూడేళ్లలో ఊరు కట్టేశారు.

ఇల్లు మటుకు లెవిట్‌టౌన్‌దే నాకు నచ్చింది. స్థలం 60 అడుగులకు 100 అడుగులు, అంటే మన లెక్కన 667 గజాలు. అందులో ఇల్లు 750 చదరపు అడుగులే! రెండు పడగ్గదులు, ఒక బాత్రూమ్. లోపల్నుంచే మెట్లు ఉంటాయి. ఎక్కి చూస్తే వాలు కప్పు కింద ఖాళీ అటక, గోడల్లేవు, పూతల్లేవు. కావాలనే అలా వదిలేశారు. పిల్లలు పుట్టేకొద్దీ తండ్రి సెలవురోజుల్లో సుత్తి పట్టుకుని అక్కడో గది వేసుకునేవాడు. తర్వాత పక్కకీ వెనక్కీ పెంచుకుంటూ పోయారు. ఇప్పుడు మొదట కట్టినట్టే మిగిలిన ఇల్లు దొరకడం కష్టం. లేక్‌వుడ్ స్థలం 555 గజాలు, కాస్త ఇరుకు.

అయితే లెవిట్ పెట్టిన షరతులున్నాయి చూశారూ, అవి వింటే ఒళ్లు మండుతుంది. కంచె వేయకూడదు, శని ఆదివారాల్లో బట్టలు ఆరేయకూడదు. సరే, అవి భరించవచ్చు. తెల్లవాళ్లు తప్ప ఇంకెవరూ ఉండకూడదని అద్దె ఒప్పందంలోనే రాశారు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో సుప్రీంకోర్టు చెప్పాక కూడా నల్లవాళ్లకు ఇల్లివ్వలేదు. లేక్‌వుడ్‌లోనూ ఆ రోజుల్లో జరిగింది అంతే.

తేడా ఆ తర్వాత వచ్చింది. పక్కనున్న లాంగ్ బీచ్ నగరం ముక్కలు ముక్కలుగా తమను కలిపేసుకుంటుంటే లేక్‌వుడ్ జనం ఒప్పుకోలేదు. 1954లో ఓటేసి సొంత నగరం చేసుకున్నారు. పోలీసు, ఫైరింజన్ లాంటివి సొంతంగా పెట్టుకునే స్తోమత లేక కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి, డబ్బు కట్టి చేయించుకున్నారు. ఈ పద్ధతిని తర్వాత ఎన్నో ఊళ్లు అనుసరించాయి. లెవిట్‌టౌన్‌కు మాత్రం ఈనాటికీ సొంత మేయర్ లేడు. పెద్ద హెంప్‌స్టెడ్ టౌన్‌లో అదో భాగం. పిల్లల బడి కూడా ఇల్లు ఏ వీధిలో ఉందన్నదాన్ని బట్టి వేర్వేరు స్కూల్ డిస్ట్రిక్టుల (బడులు నడిపే స్థానిక సంస్థలు) కిందకు పోతుంది.

జనాభా లెక్క చూడండి. 1960లో లెవిట్‌టౌన్‌లో 65,276 మంది, లేక్‌వుడ్‌లో 67,126. పిల్లలు పెరిగి ఎగిరిపోయారు, తల్లిదండ్రులు అవే ఇళ్లలో మిగిలారు. 1970 తర్వాత రెండు చోట్లా జనం తగ్గారు. 1990కి లేక్‌వుడ్ 73,557 దగ్గర ఉంది, అంతకు ఇరవయ్యేళ్ల ముందు 80 వేలు దాటిన ఊరది. కానీ అక్కడ ఖాళీ అయిన ఇళ్లలోకి లాటినో, ఆసియా, నల్లజాతి కుటుంబాలు వచ్చాయి, 2020కి 82,496 అయింది. ఏ ఒక్క వర్గమూ సగం దాటదు. లెవిట్‌టౌన్ 51,758 దగ్గర ఆగింది, ఇప్పటికీ ఎక్కువమంది తెల్లవాళ్లే.

నన్నడిగితే లేక్‌వుడ్. స్థలం కాస్త ఇరుకైనా తమ ఊరి సంగతి తామే తేల్చుకునే వీలుంది, కొత్తవాళ్లకు చోటు దొరికింది. ఇండియన్ షాపుల కోసమైతే గొడవే లేదు. లెవిట్‌టౌన్ వాళ్లకు పక్కనే హిక్స్‌విల్, లేక్‌వుడ్ వాళ్లకు ఆర్టీసియాలో పయనీర్ బులెవార్డ్. కందిపప్పు, కరివేపాకు రెండుచోట్లా కారెక్కితే కాసేపట్లో దొరుకుతాయి. మంచు పారతో తోడుకోవాల్సింది మాత్రం లెవిట్‌టౌన్ వాళ్లే.