ఎంపీసీ అయ్యాక వెటర్నరీ మీద మనసైతే ఏ దారి మేలు?

ఎంపీసీ పూర్తి చేసి, ఎంట్రన్స్ కోచింగ్ ఫీజు కూడా కట్టాక "నాకు ఇంజినీరింగ్ వద్దు, పశువుల డాక్టర్ అవుతా" అనే పిల్లలు ప్రతి ఊళ్లో ఒకరిద్దరు ఉంటారు. ఇంట్లో ముందు గొడవ, తర్వాత లెక్కలు. బైపీసీ మళ్లీ మొదటి నుంచి చదవాలా? బయాలజీ ఒక్కటే రాసి నీట్‌కు కూర్చోవాలా? డిప్లొమాలో చేరాలా? ఎంపీసీతోనే వచ్చే డెయిరీ టెక్నాలజీ తీసుకుంటే పోలా? ఎంపీసీ పాసైనవాళ్లకు వీటిలో బయాలజీ రాసి నీట్‌కు వెళ్లడమే మేలని నా అభిప్రాయం. అయితే అందరికీ కాదు.

పశువుల డాక్టర్ కావడానికి చదవాల్సిన డిగ్రీ బీవీఎస్సీ అండ్ ఏహెచ్, ఐదున్నరేళ్ల కోర్సు. నాలుగున్నరేళ్లు చదువు, చివర ఏడాది ఇంటర్న్‌షిప్. ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ ఉండాలి. ఓపెన్ కేటగిరీలో వాటన్నిటికీ కలిపి 50 శాతం రావాలి, ఆపైన నీట్ ర్యాంకు. ఆంధ్రాలో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు. ప్రభుత్వ కాలేజీలంటే ప్రధానంగా ఇవే. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ.

ఇప్పుడు నీట్ మార్కులు చూడండి. మొత్తం 720లో బయాలజీకి 360, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు చెరో 180. అంటే ఎంపీసీ పిల్లలు సగం సిలబస్ చదివేసినట్టే. పైగా బైపీసీ వాళ్లు ఎక్కువగా భయపడే ఫిజిక్స్‌లో వీళ్ల చేయి తిరిగి ఉంటుంది. మిగిలిన బయాలజీకి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వరస తప్పకుండా ఏడాది పాటు తిరగేస్తే పట్టు దొరుకుతుంది. మొక్కల కుటుంబాల పేర్లు వల్లె వేయడం విసుగే, రేపు గేదెకు వైద్యం చేసేటప్పుడు అవి పెద్దగా పనికీ రావు. కానీ మార్కులు అక్కడే ఉన్నాయి. ఇంతోటి దానికి బైపీసీలో మళ్లీ చేరితే, వచ్చిన ఫిజిక్స్, కెమిస్ట్రీలనే ఇంకోసారి చదువుతూ ఒక ఏడాది అదనంగా పోగొట్టుకున్నట్టే. ఇంటర్ ఫస్టియర్ మొదట్లోనే మనసు మారితే మాత్రం వెంటనే గ్రూపు మార్చుకోవడం మంచిది. ఆంధ్రాలో 2025-26 నుంచి బోటనీ, జువాలజీ కలిపి బయాలజీగా ఒకే సబ్జెక్టు చేశారు, ఎంపీసీ వాళ్లు దాన్ని అదనంగా తీసుకునే వీలూ ఇచ్చారు.

పాసైపోయినవాళ్లు బయాలజీని ఇంటర్ బోర్డు ద్వారా అదనపు సబ్జెక్టుగా రాయొచ్చు, లేదా ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్లో ఆ ఒక్క సబ్జెక్టే కట్టొచ్చు. ఇలా విడిగా రాసిన బయాలజీ చెల్లుతుందని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో చెప్పింది. అయితే అది ఎంబీబీఎస్ సంగతి. వెటర్నరీకి కౌన్సిల్ వేరు, యూనివర్సిటీలు వేరు. అందుకని ఫీజు కట్టకముందే ఆ ఏటి ప్రాస్పెక్టస్ చదివి, వయసు పరిమితి చూసుకుని, అడ్మిషన్ల విభాగానికి ఒక మెయిల్ పెట్టి జవాబు దాచుకోవాలి. "ఫలానా వాళ్లకు సీటొచ్చింది" అని కోచింగ్ సెంటర్‌లో చెప్పే మాట నమ్ముకుంటే కౌన్సెలింగ్ రోజున టెన్షన్ పడాల్సింది మీరే.

ఇక డిప్లొమా. పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేళ్లు, పదో తరగతి అర్హతతో. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఒక్కసారి పొద్దున్నే ఊళ్లో పశువుల ఆస్పత్రికి వెళ్లి నిలబడాలి. ఎదకొచ్చిన గేదెను కృత్రిమ గర్భధారణ కోసం ట్రెవిస్‌లో, అంటే కదలకుండా నిలబెట్టే చట్రంలో, కట్టేసి ఉంచుతారు. మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్ క్యాన్‌లోంచి వీర్యం నింపిన సన్నటి సెమన్ స్ట్రా పైకి తీస్తారు. 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచి, తుడిచి, కొస కత్తిరించి గన్‌లో ఎక్కిస్తారు. భుజం దాకా గ్లౌజు తొడుక్కున్న మనిషి ఎడమ చేయి లోపల పెట్టి వెతుకుతుంటే, తోక పట్టుకున్న రైతు "ఈసారైనా చూలు నిలబడుతుందా సార్, పోయినసారి తప్పిపోయింది" అని అడుగుతుంటాడు. చాలా చోట్ల ఆ పని చేసేది డాక్టరు కాదు, డిప్లొమా చదివిన అసిస్టెంటో, ఊళ్లో ఈ పనికి శిక్షణ పొందిన గోపాలమిత్రో. టీకాలు, నట్టల మందు, గాయాలకు కట్లు కూడా ఎక్కువగా వాళ్ల చేతుల మీదే నడుస్తాయి. నీకు కావాల్సింది ఈ పనే అయితే ఐదున్నరేళ్లు అక్కర్లేదు.

కానీ 1984 వెటర్నరీ కౌన్సిల్ చట్టం గీత గీసింది. రిజిస్టరైన డాక్టరే సొంతంగా వైద్యం చేయాలి, డిప్లొమా వాళ్లు ఆయన ఆధ్వర్యంలో చిన్నపాటి సేవలు మాత్రమే చేయాలి. అడ్డం తిరిగిన దూడను ఆపరేషన్ చేసి తీయడమైనా, చచ్చిన గేదె బీమాకు పోస్ట్‌మార్టం రిపోర్టు మీద సంతకమైనా డాక్టర్‌దే. ఎన్నేళ్లు సర్వీసు చేసినా డిప్లొమా ఆ సంతకం ఇవ్వదు. ఇంకో చిక్కు, ఇది పదో తరగతి వాళ్ల కోసం పెట్టిన కోర్సు. ఇంటర్ పాసైనవాళ్లను తీసుకుంటారో లేదో, వయసు దాటిందో లేదో ముందే చూసుకోవాలి.

సీఈసీ, హెచ్ఈసీ వాళ్ల సంగతి వేరు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కొత్తే కాబట్టి ఒక్క ఏడాదిలో నీట్ ర్యాంకు అనుకోవడం అత్యాశ. డాక్టరే కావాలని పట్టుదల ఉంటే బైపీసీ రెండేళ్లూ చదవాల్సిందే. ఫస్టియర్‌లోనే ఉండి, పశువుల మధ్య పనే ముఖ్యమనుకుంటే వాళ్లకు నేను డిప్లొమానే చెప్తాను.

డెయిరీ టెక్నాలజీ బీటెక్, తిరుపతిలోనూ కామారెడ్డిలోనూ ఉంది, ఎంపీసీతో ఎప్‌సెట్ ర్యాంకు చాలు. మంచి కోర్సే, కాకపోతే అక్కడ చూసేది పాలను, యంత్రాలను. పశువు మీద ప్రేమతో వచ్చినవాళ్లకు అది దొరకదు.

నీట్ దారి పట్టినవాళ్లకు ఒక్క జాగ్రత్త. వెటర్నరీ కౌన్సెలింగ్ ఎంబీబీఎస్‌తో కలిపి జరగదు. రాష్ట్ర సీట్లకు వెటర్నరీ యూనివర్సిటీకి, 15 శాతం ఆలిండియా కోటాకు వెటర్నరీ కౌన్సిల్‌కు విడివిడిగా దరఖాస్తు చేయాలి. ఆ నోటిఫికేషన్ మిస్సయితే ర్యాంకు ఉన్నా లాభం లేదు. అలాగే ఆ ఏడాది ఎప్‌సెట్ కూడా మళ్లీ రాసి పెట్టుకోండి, పాత ర్యాంకు మరుసటి ఏడాదికి పనికిరాదు.