సిడ్నీ నుంచి కెయిర్న్స్ దాకా గ్రేహౌండ్ విమిట్ పాస్: ఎవరికి గిట్టుబాటు, ఎవరికి దండగ

ఆస్ట్రేలియాలో ఊరికీ ఊరికీ మధ్య బస్సులు నడిపే గ్రేహౌండ్ కంపెనీ అమ్మే పాసే విమిట్, గడువులోపు ఎన్నిసార్లైనా బస్సెక్కొచ్చు. ఒంటరిగానో ఇద్దరుగానో బయల్దేరి, బ్రిస్బేన్ దాటాక నాలుగైదు ఊళ్లలో ఆగుతూ ఉత్తరానికి వెళ్లేవాళ్లకు ఈ పాస్ గిట్టుబాటు. నలుగురు కలిసి వెళ్తుంటే అద్దె కారే నయం. కెయిర్న్స్ దగ్గరి పగడపు దిబ్బలు, అదే గ్రేట్ బారియర్ రీఫ్, ఒక్కటే చూసి వచ్చేద్దాం అనుకునేవాళ్లు దీని జోలికి పోనక్కర్లేదు, సిడ్నీ నుంచి కెయిర్న్స్‌కు విమానంలో మూడు గంటలే.

పాస్ కొనేముందు అర్థం చేసుకోవాల్సింది ఒకటే. 15 రోజుల పాస్ అంటే మొదటి బస్సు ఎక్కిన రోజు నుంచి వరుసగా 15 రోజులు. అంతేగానీ 15 ప్రయాణ దినాలు కాదు. మీరు పడవ మీద రెండు రాత్రులు గడిపినా, జ్వరమొచ్చి హాస్టల్లో పడుకున్నా మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఆ గడువులోపు ఎటు నుంచి ఎటు తిరిగినా, ఎన్నిసార్లు ఎక్కినా అదనంగా కట్టేదేమీ లేదు. తూర్పు తీరానికి వేరే పాస్, దేశమంతటికీ వేరే పాస్ ఉన్నాయి. తీరం వరకే అయితే రెండోది కొనొద్దు.

పాస్ ఉంటే సీటు ఉన్నట్టు కాదు. ప్రతి ప్రయాణానికీ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో సీటు బుక్ చేసుకోవాలి. స్కూలు సెలవుల్లో, క్రిస్మస్ రోజుల్లో రాత్రి బస్సులు ముందే నిండిపోతాయి. కాబట్టి బుకింగుల వరుస ఇలా ఉండాలి: ముందు తేదీ మార్చుకోవడం కష్టమైన పడవ ప్రయాణాలు, తర్వాత వాటికి ముందూ వెనకా వచ్చే రాత్రి బస్సులు, చివరికి హాస్టళ్లు. పడవ దిగే సాయంత్రమే బస్సు ఎక్కేలా ప్లాన్ వేయకండి. గాలి ఎక్కువైతే పడవ ఆలస్యమవుతుంది, బస్సు మీకోసం ఆగదు.

ఇక డబ్బు సంగతి. బ్రిస్బేన్, కెయిర్న్స్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ప్రభుత్వం 2024 ఆగస్టులో లోకల్ రైళ్లు, బస్సులు, ట్రాములు, ఫెర్రీల టికెట్‌ను 50 సెంట్లకు తగ్గించింది, తర్వాత దాన్నే శాశ్వతం చేసింది. గోల్డ్ కోస్ట్ ట్రాము, బ్రిస్బేన్ రైలు, నది మీద తిరిగే సిటీక్యాట్ పడవ, నాంబూర్ దాకా రైలెక్కి అక్కడి నుంచి నూసాకు బస్సు, అన్నీ ఇందులోకే వస్తాయి. బ్రిస్బేన్ విమానాశ్రయానికి వెళ్లే ఎయిర్‌ట్రెయిన్ మాత్రం రాదు. అంటే గోల్డ్ కోస్ట్ నుంచి నూసా దాకా చిల్లర డబ్బులతో వెళ్లిపోవచ్చు. ఆ భాగానికి పాస్ రోజులు ఖర్చు పెట్టడం శుద్ధ దండగ. సిడ్నీ, బైరన్ బే, గోల్డ్ కోస్ట్, బ్రిస్బేన్ ముందు విడిగా చూసేసి, అక్కడి నుంచి ఉత్తరానికి బయల్దేరేటప్పుడు పాస్ మొదలుపెట్టండి. 15 రోజులు సరిపోతాయి. సిడ్నీ నుంచే మొదలుపెడితే 15 రోజులూ పరుగే, 30 రోజులది కావాలి.

ధర ఆఫర్లను బట్టి మారుతుంది కాబట్టి లెక్క మీరే వేసుకోవాలి. మీరు ఆగదలచిన ఊళ్ల మధ్య విడి టికెట్ల ధరలు అదే సైట్‌లో ఒక్కొక్కటిగా చూసి కూడండి. ఆ కూడిక పాస్ ధరకు దగ్గరగా ఉంటే పాసే తీసుకోండి, ఎందుకంటే మనసు మారితే ఒక ఊరు వెనక్కి వెళ్లినా పైసా ఖర్చుండదు. ఆగేది రెండే చోట్ల అయితే విడి టికెట్లే చవక.

బస్సు గురించి ఫిర్యాదు చేయడానికి పెద్దగా ఏమీ లేదు. సీటు వెనక్కి వాలుతుంది, ఫోన్ ఛార్జింగ్‌కు యూఎస్‌బీ ఉంటుంది, వెనక టాయిలెట్ ఉంటుంది, సీటు బెల్టు చట్టప్రకారం పెట్టుకోవాల్సిందే. వైఫై ఉంటుంది గానీ ఊరికీ ఊరికీ మధ్య సిగ్నల్ లేనిచోట అదీ ఉండదు, సినిమాలు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. రాత్రిపూట ఏసీ చలి గట్టిగా ఉంటుంది. క్వీన్స్‌లాండ్ అంటే వేడి కదా అని స్వెటరు కింద లగేజీలో వేసేస్తే తెల్లారేదాకా వణకడమే. చిన్న బ్యాగులో స్వెటరు, మెడ దిండు, నీళ్లు, పళ్లు తోముకునే సామాను పెట్టుకుని మిగతాది కింద పడేయండి. వేడి వేడి తిండి లోపలికి తేనివ్వరు. పులిహోర డబ్బాకు అభ్యంతరం ఉండదు. హైవే పక్క ఆపే రోడ్‌హౌస్‌లో చిప్స్, మాంసం కూరిన ‘పై’, సాసేజ్ రోల్ తప్ప పెద్దగా దొరకవు, శాకాహారులకు మరీ తక్కువ.

టైమ్‌టేబుల్‌లో జనం బోల్తా పడే చోటు ఒకటుంది. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా గడియారం గంట ముందుకు జరుపుతారు, క్వీన్స్‌లాండ్‌లో జరపరు. ఆ నెలల్లో సరిహద్దులోని ట్వీడ్ హెడ్స్ దాటి క్వీన్స్‌లాండ్ వైపున్న కూలంగట్టాలో అడుగుపెట్టగానే గంట వెనక్కి వెళ్తారు. టికెట్ మీద ఎప్పుడూ ఆ ఊరి టైమే ఉంటుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చేటప్పుడు ఇది మరిచిపోతే బస్సు తప్పుతుంది.

ఈ సర్వీసు అసలు బలహీనత వేరే ఉంది: బస్సు మిమ్మల్ని ఊరి దాకా తెస్తుంది, జంతువు దాకా తేదు. చూడటానికి వచ్చిన తిమింగలాలు, కోలాలు, తాబేళ్లు అన్నీ స్టాప్‌కు అవతలే ఉంటాయి. మొత్తం ఖర్చులో పెద్ద వాటా ఆ చివరి భాగానిదే.

పోర్ట్ మాక్వారీలో ఇది తేలిక. 1973 నుంచి నడుస్తున్న కోలా హాస్పిటల్ ఊళ్లోనే ఉంది, ప్రవేశం ఉచితం, విరాళం మీ ఇష్టం. కాకపోతే సిడ్నీ నుంచి వచ్చే బస్సు ఏ వేళకు దించుతుందో చూసుకోండి. చాలా హాస్టళ్లలో రాత్రి రిసెప్షన్ ఉండదు, తలుపు కోడ్ ముందే మెసేజ్‌లో తెప్పించుకోవాలి. బైరన్ బేలో 1901 నాటి లైట్‌హౌస్‌కు నడిచే వెళ్లొచ్చు. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగానికి తూర్పు కొస అదే. జూన్ నుంచి నవంబర్ దాకా హంప్‌బ్యాక్ తిమింగలాలు అక్కడి నుంచే కనిపిస్తాయి, టికెట్ లేదు, బైనాక్యులర్ ఉంటే చాలు. బ్రిస్బేన్‌లోని కోలాల పార్కు లోన్ పైన్‌కు సిటీ బస్సు ఉంది, కానీ కోలాను ఎత్తుకుని ఫొటో దిగుదామని వెళ్లేవాళ్లు ఆశ వదులుకోండి, 2024 జులైలో ఆ పద్ధతి ఆపేశారు.

హెర్వే బేలో బస్సు దిగాక గర్రి దీవికి, అదే పాత ఫ్రేజర్ ఐలాండ్‌కు, బండ్లను కూడా మోసే పడవ, బార్జి మీద దాటాలి. అక్కడ తారు రోడ్లు ఉండవు, ఇసుకలో నడిచే ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి. ఒక రోజు టూరులో లేక్ మెకెంజీ చూపించి తిప్పి తెస్తారు. రెండు మూడు రోజుల ట్యాగ్-అలాంగ్ టూర్లు రెయిన్‌బో బీచ్ నుంచి బయల్దేరతాయి, ముందు గైడ్ బండి, వెనక మీరే నడుపుకునే బండ్లు. నడపాలంటే చాలాచోట్ల 21 ఏళ్లు నిండాలంటారు. డింగోలు కుక్కల్లా కనిపిస్తాయి గానీ కుక్కలు కావు. తిండి బయట పెట్టకండి, ఎదురైతే పరుగెత్తకండి. నిటారుగా నిలబడి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి నడవండి. అక్కడి సముద్రంలో దిగొద్దు, ఈతకు చెరువులే.

బండాబర్గ్ దగ్గర మోన్ రెపోలో నవంబర్ నుంచి జనవరి దాకా తాబేళ్లు గుడ్లు పెడతాయి, జనవరి నుంచి మార్చి దాకా పిల్లలు బయటికొస్తాయి. రాత్రి గైడ్‌తోనే చూడాలి, టికెట్ ముందే కొనాలి. ఊరికి దాదాపు 15 కిలోమీటర్లు. కారు లేనివాళ్లు రవాణా కుదిరాకే టికెట్ కొనండి.

హెర్వే బే నుంచి ఎయిర్లీ బీచ్‌కు రాత్రి బస్సు, 12 గంటల పైమాటే. ఆ ఊరి ఎదుట సముద్రంలో ఉన్న వైట్‌సండే దీవులు 74, ఒడ్డున నిలబడితే అందులో ఏదీ మీది కాదు, పడవ ఎక్కాల్సిందే. వైట్‌హేవెన్ బీచ్ 7 కిలోమీటర్ల తెల్లటి ఇసుక. ఫొటోల్లో కనిపించే ఇసుకా నీళ్లూ కలిసిన సుడులు ఆ బీచ్ కొసనున్న హిల్ ఇన్‌లెట్‌లో ఆటు సమయంలో బాగుంటాయి. టూరు బుక్ చేసే ముందు ఆ రోజు మీ పడవ అక్కడికి ఏ వేళకు చేరుతుందో అడగండి. రాత్రి ఉండే పడవల్లోకి మెత్తటి చిన్న బ్యాగే తెమ్మంటారు, పెద్ద బ్యాగు ఊళ్లో లాకర్‌లో వదలాలి. చెప్పులు ఎక్కేటప్పుడే తీసేయాలి.

ఈ దారిలో డబ్బుకు తగ్గ చోటంటే నా లెక్కలో మాగ్నెటిక్ ఐలాండే. టౌన్స్‌విల్ నుంచి ఫెర్రీలో 20 నిమిషాలు. నెల్లీ బేలో దిగి, హార్స్‌షూ బే వైపు వెళ్లే బస్సెక్కి, ఫోర్ట్స్ వాక్ మొదట్లో దిగాలి. రానూపోనూ 4 కిలోమీటర్లు, ఎక్కుడు దారి, నీళ్లు దొరకవు, తలకు రెండు లీటర్లు పట్టుకెళ్లండి. రెండో ప్రపంచ యుద్ధంలో కట్టిన కాంక్రీటు బురుజులు పైన ఉంటాయి. కోలాలు కొమ్మ చివర్లలో వెతికితే దొరకవు, యూకలిప్టస్ చెట్టు రెండుగా చీలిన చోట బూడిద రంగు మూటలా ముడుచుకుని ఉంటాయి. కింద బెరడు మీద గోళ్ల గీతలు, వేరు దగ్గర ఆలివ్ గింజలంత పెంటికలు కనిపిస్తే తల పైకెత్తండి. ముందు నడిచినవాళ్లు దారి మీద పుల్లలతో బాణం గుర్తు పెట్టి వదిలేస్తుంటారు, నేల కూడా చూస్తూ వెళ్లండి. సాయంత్రం జెఫ్రీ బే రాళ్ల మీదికి చిన్న కంగారూల్లాంటి రాక్ వాలబీలు దిగుతాయి. రొట్టె పెట్టకండి, వాటికి జబ్బు చేస్తుంది.

మిషన్ బీచ్‌లో క్యాసోవరీ రోడ్డు దాటుతూ ఎదురవ్వొచ్చు. మనిషంత ఎత్తు పక్షి, లోపలి వేలికి 10 సెంటీమీటర్లు దాటే గోరు. మీద మీదకి వస్తే వీపున ఉన్న బ్యాగు ముందుకు తెచ్చి అడ్డం పెట్టుకుని వెనక్కి జరగండి.

కెయిర్న్స్‌లో ఊరి ముందున్నది బురద తీరం, ఈతకు ఎస్ప్లనేడ్ లగూన్ అనే కొలను ఉంది, ఉచితం. ఔటర్ రీఫ్‌కు పడవలో గంటన్నర, రెండు గంటలు. అక్కడి చలికాలంలో, అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా, ఆగ్నేయ గాలికి అలలు గట్టిగా ఉంటాయి, వాంతుల మాత్ర పడవ కదలకముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు. ఇంకా ఉత్తరానున్న డెయిన్‌ట్రీ అడవికి ఈ పాస్ పనికిరాదు, గ్రేహౌండ్ తీరం దారి కెయిర్న్స్‌తో ఆఖరు.

నీళ్ల దగ్గర జాగ్రత్త ప్రాంతాన్ని బట్టి మారుతుంది. సిడ్నీ వైపు ప్రమాదం ఒడ్డు నుంచి లోపలికి లాగే నీటి ప్రవాహం, రిప్ కరెంట్, ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగండి, లాక్కుపోతే ఎదురీదకుండా తేలుతూ చెయ్యెత్తండి. బండాబర్గ్‌కు ఉత్తరానున్న గ్లాడ్‌స్టన్ దాటాక నది మొగల్లో మొసళ్లు. ఉత్తరాన నవంబర్ నుంచి మే దాకా బాక్స్ జెల్లీ ఫిష్, ఇరుకాంజీ అనే బుల్లి జెల్లీ ఫిష్. ఒళ్లంతా కప్పే స్టింగర్ సూట్ వేసుకోండి. కుడితే వెనిగర్ కనీసం 30 సెకన్లు పోసి అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయాలి, రుద్దకూడదు, మంచినీళ్లు పోయకూడదు. దక్షిణాన జెల్లీ ఫిష్ లాంటి బ్లూబాటిల్ కుడితే మాత్రం వెనిగర్ కాదు, తట్టుకోగలిగినంత వేడి నీళ్లు 20 నిమిషాలు.

ఆస్ట్రేలియాలో చదువుకునే మన పిల్లలకు రెండు సెలవులు దొరుకుతాయి. జూన్, జులై విరామమే ఈ దారికి సరైనది: ఉత్తరాన వాన తక్కువ, జెల్లీ ఫిష్ తక్కువ, తిమింగలాలు ఉన్నాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా దొరికే పెద్ద సెలవుల్లో తాబేళ్లు కనిపిస్తాయి గానీ తుపాన్లు, వరదలు తోడొస్తాయి. 2025 ఫిబ్రవరిలో టౌన్స్‌విల్, ఇంగమ్ మధ్య ఒలెరా క్రీక్ వంతెన కూలి తీరం వెంట వెళ్లే ప్రధాన రోడ్డు బ్రూస్ హైవేనే తెగిపోయింది. ఆ నెలల్లో పాస్ కొంటే కెయిర్న్స్ నుంచి తిరుగు విమానం పాస్ ఆఖరి రోజుకు పెట్టుకోకండి, రెండు మూడు రోజుల తర్వాతకు పెట్టండి.

ఫోన్ కూడా చూసుకోండి. 2024 అక్టోబర్ చివర్లో అక్కడి ఫోన్ కంపెనీలు టెల్‌స్ట్రా, ఆప్టస్ 3జీ ఆపేశాయి. 4జీ మీద అత్యవసర కాల్ చేయలేని ఫోన్లను అక్కడి నెట్‌వర్కులు ఆపేస్తాయి. మన దేశంలో కొన్న ఫోన్ అయితే అక్కడి సిమ్ వేసి 3498కి 3 అని మెసేజ్ పెడితే ఫోన్ పనికొస్తుందో లేదో జవాబు వస్తుంది. హైవే మీద సిగ్నల్‌కు టెల్‌స్ట్రా మెరుగు.

కారు తీసుకునే బృందాలకు ఒక మాట. న్యూ సౌత్ వేల్స్‌లో తాత్కాలిక వీసా మీద ఆరు నెలలు దాటి ఉంటున్నవాళ్లకు మన లైసెన్సు చెల్లదు, అక్కడిది తీసుకోవాలి. 25 ఏళ్లలోపువారికి అద్దె కంపెనీలు అదనంగా వడ్డిస్తాయి, ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో ఇస్తే దానికీ రుసుము. సాయంత్రం నుంచి తెల్లారేదాకా కంగారూలు రోడ్డెక్కుతాయి, అప్పుడు నడపకండి. రైలు ఇష్టమైతే బ్రిస్బేన్ నుంచి కెయిర్న్స్‌కు స్పిరిట్ ఆఫ్ క్వీన్స్‌లాండ్ ఉంది, 1,681 కిలోమీటర్లు, దాదాపు 25 గంటలు, పడుకునే సీట్లు కూడా ఉంటాయి. అయితే రోజూ నడవదు, ఎయిర్లీ బీచ్‌కు వెళ్లాలంటే ప్రోసర్‌పైన్‌లో దిగి మళ్లీ బస్సెక్కాలి.